యంత్రం ఎవరిదైనా మాట ఒక్కటే కావాలి

2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న ‘ఫ్లో’ సినిమాను లాత్వియా, ఫ్రాన్స్, బెల్జియం దేశాల వాళ్లు కలిసి తీశారు. దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ లాత్వియావాడు. ఒక్క మాట కూడా వినిపించని ఆ సినిమా బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తయారైంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడిచే సాఫ్ట్‌వేర్ అది. ఆ విజయం చూసి మన యువకుల్లో ఆశ పుట్టడం సహజం. విజయవాడలో ఒకరు బొమ్మలు గీస్తారు, హైదరాబాద్‌లో ఒకరు వాటికి కదలిక ఇస్తారు, డాలస్‌లో ఉన్న స్నేహితుడు రంగులూ వెలుగునీడలూ చూసుకుంటాడు, చెన్నైలో ఇంకొకరు సంగీతం కడతారు. ప్రతిభకు లోటుండదు, ఉత్సాహానికి అసలే ఉండదు. అయినా ఇలాంటి ప్రాజెక్టులు సగంలో ఆగిపోతుంటాయి. ఆగిపోయాక నింద కంప్యూటర్ల మీద పడుతుంది. “వాళ్లది మ్యాక్, మాది విండోస్, అందుకే కుదరలేదు” అంటారు. ఈ అధ్యాయం ఆ మాటను ఒప్పుకోదు. యంత్రాలు వేరైనందువల్ల పని చెడదు. పని ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్లేటప్పుడు ఏ రూపంలో వెళ్లాలో ముందుగా మాట్లాడుకోనందువల్ల చెడుతుంది. అందరి యంత్రాలనూ ఒకటి చేయనక్కర్లేదు. అప్పగింత ఒకే పద్ధతిలో జరిగితే చాలు.

తేడాలు ఎక్కడ పుడతాయి

ఈ వాదన నిలబడాలంటే తేడాలు నిజంగా ఎక్కడున్నాయో చూడాలి. అవి భయపడాల్సినంత ఎక్కువ కాదు, పైగా దాదాపు అన్నీ తెలిసినవే. మొదటిది ఫైలు పేరు. విండోస్, మ్యాక్ మామూలుగా ఇంగ్లిష్ పెద్దక్షరాలకూ చిన్నక్షరాలకూ తేడా పట్టించుకోవు. లినక్స్ పట్టించుకుంటుంది. బొమ్మ పేరు పెద్దక్షరంతో మొదలై, సీను ఫైలులో అదే పేరు చిన్నక్షరంతో నమోదై ఉంటే విండోస్‌లో అంతా సవ్యంగానే కనిపిస్తుంది. లినక్స్‌లో తెరిచినవారికి మాత్రం ఆ బొమ్మ దొరకదు. పేరులో కోలన్, ప్రశ్నార్థకం వంటి గుర్తులుంటే లినక్స్ ఊరుకుంటుంది, విండోస్ ఒప్పుకోదు. ‘కాన్’, ‘ఆక్స్’, ‘నల్’ లాంటి కొన్ని పేర్లను విండోస్ పాతకాలం నుంచీ తనకోసం అట్టిపెట్టుకుంది కాబట్టి ఆ పేర్లూ పనికిరావు. ఫోల్డరులో ఫోల్డరు పెట్టుకుంటూ పోయి మొత్తం దారి 260 అక్షరాలు దాటితే విండోస్‌లో చాలా ప్రోగ్రాములు ఫైలును తెరవలేవు. పేర్లతో వచ్చే చిక్కులకు మందు ఒక్క నియమం: పేరులో ఇంగ్లిష్ చిన్నక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఇంకేమీ ఉండకూడదు. వరుస కూడా ఒకటే ఉండాలి. ముందు సినిమా, తర్వాత సీను, షాట్, పని రకం, చివర 001, 002 అంటూ వెర్షన్ సంఖ్య. ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’ అనే పేర్లకు చోటివ్వకండి. వారం తిరిగేసరికి అసలు ఫైనల్ ఏదో పెట్టినవారికే గుర్తుండదు.

పేర్లు తెలుగులో పెట్టుకుంటే తప్పేమిటని అడగవచ్చు. తప్పు లేదు గానీ ప్రమాదం ఉంది. ఐత్వం సంగతి చూడండి. యూనికోడ్‌లో ఆ గుర్తును ఒకే సంకేతంగానూ రాయవచ్చు, రెండు భాగాలుగా విడదీసి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే. 2017లో కొత్త ఫైల్ సిస్టమ్ వచ్చేదాకా మ్యాక్ కంప్యూటర్లు పేర్లను విడదీసిన రూపంలోనే దాచేవి. విండోస్, లినక్స్ టైపు చేసింది చేసినట్టే ఉంచుతాయి. ‘మైదానం’ అని పేరున్న నేపథ్య చిత్రం పాత మ్యాక్ నుంచి లినక్స్‌కు చేరితే మనిషికి అదే పేరు, యంత్రానికి వేరే పేరు. తెలుగు మీద ప్రేమ కథలో, సంభాషణల్లో, టైటిళ్లలో కనిపించాలి, అక్కడ దానికి నిజమైన విలువ ఉంది. ఆ టైటిళ్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. విండోస్‌లో నిర్మలా యూఐ ఉంటే మ్యాక్‌లో కోహినూర్ తెలుగు ఉంటుంది, లినక్స్‌లో లోహిత్ గానీ నోటో గానీ ఉంటుంది. మీరు వాడిన ఫాంటు అవతల లేకపోతే ఇంకొకటి వచ్చి కూర్చుని అక్షరాల వెడల్పు మారుస్తుంది. అను ఫాంట్లలో కట్టిన అక్షరాలైతే ఆ ఫాంటు లేని చోట అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల గుంపుగా కనబడతాయి. కాబట్టి యూనికోడ్ ఫాంటే వాడండి. మండలి, రామభద్ర, గురజాడ వంటివి ఉచితంగా పంచుకోవడానికి అనుమతి ఉన్నవి. ఫాంటు ఫైలును ప్రాజెక్టు ఫోల్డరులోనే ఉంచి, ఖాయమైన టైటిల్‌ను వెనక పారదర్శకంగా ఉన్న బొమ్మగా మార్చి అప్పగించండి.

రెండో తేడా ఫైలు ఉండే దారి. విండోస్‌లో డ్రైవులకు అక్షరాలుంటాయి. మ్యాక్‌లో, లినక్స్‌లో అంతా ఒకే మూలం నుంచి కొమ్మలుగా సాగుతుంది. పాత్ర చొక్కా మీది టెక్స్చర్ ఎక్కడుందని సీను ఫైలును అడిగితే “డి డ్రైవులో, ఫలానా ఫోల్డరులో” అని చెప్పిందనుకోండి, డి డ్రైవే లేని కంప్యూటరులో ఆ జవాబుకు అర్థం లేదు. “నా పక్క ఫోల్డరులో ఉంది” అని చెబితే ఏ కంప్యూటరులోనైనా చెల్లుతుంది. దీన్నే రిలేటివ్ పాత్ అంటారు. యానిమేషన్ సాఫ్ట్‌వేర్లు చాలావాటిలో ఈ సౌకర్యం ఉంది. దాన్ని వాడాలంటే రెండు షరతులు పాటించాలి. ప్రాజెక్టుకు చెందిన ప్రతి వస్తువూ ఒకే పెద్ద ఫోల్డరులో ఉండాలి, ఆ ఫోల్డరు లోపలి అమరిక అందరి దగ్గరా ఒకటే కావాలి. డెస్క్‌టాప్ నుంచో డౌన్‌లోడ్స్ నుంచో ఒక్క బొమ్మ లాగి వాడినా ఆ షరతు తప్పినట్టే. పరీక్షించడం తేలిక. ఫోల్డరు మొత్తాన్ని పెన్ డ్రైవులోకి ఎక్కించి వేరే కంప్యూటరులో తెరవండి. బ్లెండర్‌లో టెక్స్చర్ దొరకని వస్తువు ముదురు గులాబీ రంగులో కనబడుతుంది. ఆ రంగు కనబడితే ఏదో బయట మిగిలిపోయిందని అర్థం.

కొలతలు ముందే ఒప్పుకోవాలి

ఒకప్పుడు మన పల్లెల్లో మానిక, కుంచం ఊరూరికీ మారేవి. 1956లో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం వచ్చి మెట్రిక్ పద్ధతికి దారి వేశాక కూడా ఏ రైతూ తన పంట మార్చుకోలేదు, ఏ వ్యాపారీ తన దుకాణం మార్చుకోలేదు. కొలత ఒక్కటైంది, అంతే. యానిమేషన్‌లోనూ జరగాల్సింది అదే. మాయా సాఫ్ట్‌వేర్ మామూలుగా సెంటీమీటర్లలో లెక్కిస్తుంది, బ్లెండర్ మీటర్లలో. మాయాలో పైదిక్కు వై అక్షం, బ్లెండర్‌లో జడ్ అక్షం. ఈ సంగతి మాట్లాడుకోకుండా పాత్రను ఒకదాన్నుంచి ఇంకోదానికి పంపితే 170 సెంటీమీటర్ల మనిషి 170 మీటర్లవాడైపోవచ్చు, లేదా వెల్లకిలా పడుకుని ఉండవచ్చు. ఇందులో ఎవరి యంత్రం తప్పూ లేదు. ఇద్దరివీ సరైన కొలతలే, కానీ ఒకే కొలత కాదు. కాగితం మీద ‘ఒక యూనిట్ అంటే ఒక మీటరు, పైదిక్కు జడ్’ అని ఒక్క వాక్యం రాసి ఉంటే ఈ గొడవే లేదు.

ఫ్రేమ్ రేటు విషయంలో నష్టం ఇంకా లోతుగా ఉంటుంది, ఎందుకంటే అది మొదట్లో కనబడదు. సినిమా అలవాటు సెకనుకు 24 ఫ్రేములు. మన దేశపు టీవీ అలవాటు 25. పది నిమిషాల చిత్రానికి 24 లెక్కన 14,400 ఫ్రేములు కావాలి. యానిమేటర్ అన్నీ శ్రద్ధగా చేసి బొమ్మల వరుసగా పంపాడనుకోండి. ఎడిటర్ టైమ్‌లైన్ 25కి పెట్టి ఉంటే ఆ ఫ్రేములు 9 నిమిషాల 36 సెకన్లకే అయిపోతాయి. శబ్దం ఇంకా 24 సెకన్లు మిగిలే ఉంటుంది. అయిదు సెకన్ల షాట్ చూసినప్పుడు ఈ తేడా ఎవరికీ తెలియదు. సినిమా మొత్తం కూర్చాకే పెదవులకూ మాటకూ పొత్తు కుదరలేదని బయటపడుతుంది, అప్పటికి నెలల శ్రమ అయిపోయి ఉంటుంది. ఫ్రేమ్ రేటు, బొమ్మ కొలత, శబ్దం శాంపిల్ రేటు మూడూ మొదటి రోజే రాసుకోవాల్సినవి.

రంగు సంగతీ అంతే. మ్యాక్ కంప్యూటర్లు 2009 దాకా తెర వెలుగును విండోస్‌కు భిన్నమైన గామా లెక్కతో చూపించేవి. ఆ తేడా పోయినా, ఇవాళ్టి ఆపిల్ తెరలు చాలావరకు ఎక్కువ రంగులు చూపగలవు, మామూలు ల్యాప్‌టాప్ తెరలకు ఆ పరిధి లేదు. ఒకరికి పండు మిరపకాయలా కనిపించిన ఎరుపు ఇంకొకరికి వెలిసిపోయినట్టు ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వెర్షన్ కూడా రంగును మారుస్తుంది. 2023లో వచ్చిన బ్లెండర్ 4.0 కొత్త సీన్లకు ఏజీఎక్స్ అనే రంగుల పద్ధతిని పెడుతుంది, అంతకు ముందరి వెర్షన్లు ఫిల్మిక్‌ను పెట్టేవి. బృందంలో ఇద్దరు వేర్వేరు వెర్షన్లు వాడితే పక్కపక్క షాట్లు వేర్వేరు సినిమాల్లా కనబడతాయి. పైగా కొత్త వెర్షన్‌లో దాచిన ఫైలును పాతదానిలో తెరిస్తే కొంత సమాచారం పోవచ్చు. కాబట్టి వెర్షన్ సంఖ్య దశాంశంతో సహా ఖాయం చేసుకోండి, ప్రాజెక్టు పూర్తయ్యేదాకా ఎవరూ మార్చకండి. రంగు తీర్పు చెప్పే తెర ఒకటే అని, అది ఫలానావారి దగ్గర ఉందని అందరూ ఒప్పుకోండి.

ఏ రూపంలో అప్పగించాలి

అప్పగించే వస్తువు తన వివరం తానే చెప్పుకోగలిగితే సగం కష్టం తీరుతుంది. బ్లెండర్ ఫైలు ఈ సూత్రానికి మంచి ఉదాహరణ. ఫైలులోని సమాచారం ఏ రూపంలో పేర్చి ఉందో చెప్పే పట్టిక ఆ ఫైలులోనే ఉంటుంది. అందువల్లే ఒక రకం కంప్యూటరులో దాచినది ఇంకో రకంలో తెరుచుకుంటుంది. పెద్ద స్టూడియోలు కూడా ఇదే దారి పట్టాయి. ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ 2003లో ఓపెన్ఈఎక్స్ఆర్ అనే బొమ్మల ఫార్మాట్‌ను అందరికీ ఇచ్చింది. సోనీ పిక్చర్స్ ఇమేజ్‌వర్క్స్, లూకస్‌ఫిల్మ్ కలిసి కదిలే ఆకారాలను పంచుకోవడానికి అలెంబిక్‌ను 2011లో విడుదల చేశాయి. పిక్సార్ 2016లో యూఎస్‌డీని బయటపెట్టింది. ఒకే సీనును పొరలుగా విడదీసి, ఒకరి పని ఇంకొకరి పనిని చెరిపేయకుండా చూసే పద్ధతి అది. 2018లో ఆస్కార్ ఇచ్చే అకాడమీ, లినక్స్ ఫౌండేషన్ కలిసి ఇలాంటి సాఫ్ట్‌వేర్ల పోషణకే ఒక సంస్థ పెట్టాయి. ఈ ఫార్మాట్లు ఇచ్చినవి ఒకదానితో ఒకటి పోటీపడే స్టూడియోలు. కథల్లో, శైలిలో పోటీ పడుతూనే అప్పగింత దగ్గర ఒకే మాట మీదకు వచ్చాయి. కోట్ల డాలర్ల స్టూడియోలకు అవసరమనిపించిన క్రమశిక్షణ నలుగురు స్నేహితులకు అక్కర్లేదనుకోవడం పొరపాటు.

చిన్న బృందానికి పనికొచ్చే పద్ధతి ఇది. రెండర్ చేసిన షాట్‌ను వీడియోగా కాక ఫ్రేముకో బొమ్మ చొప్పున ఇవ్వండి. పీఎన్‌జీ బొమ్మలు ఏ యంత్రంలోనైనా తెరుచుకుంటాయి, రంగులు సవరించాల్సి ఉంటే ఈఎక్స్ఆర్ మేలు. 700వ ఫ్రేము దగ్గర కరెంటు పోతే వీడియో ఫైలు మొత్తం పాడైపోవచ్చు. బొమ్మల వరుసలోనైతే అప్పటిదాకా చేసిన ఫ్రేములన్నీ భద్రంగా ఉంటాయి, మిగిలినవి చేసుకుంటే సరిపోతుంది. శబ్దాన్ని వేవ్ ఫైలుగా ఇవ్వండి. రెండరింగ్‌కు ఎన్విడియా కార్డుల ‘కూడా’ (CUDA) అనే పద్ధతి ఇవాళ్టి మ్యాక్‌లలో లేదు. బ్లెండర్‌లోని సైకిల్స్ అనే రెండరర్‌కు ఇవాళ్టి మ్యాక్ గ్రాఫిక్స్ వాడే వీలు 2022లో 3.1 వెర్షన్‌తో వచ్చింది. అందరి యంత్రాలూ రెండరింగ్ చేయగలిగినా, ఒకే షాట్‌లోని ఫ్రేములను వేర్వేరు రకాల యంత్రాలకు పంచితే సన్నని తేడాలు మెరుపుల్లా కనబడవచ్చు. షాట్లను పంచుకోండి, ఒక షాట్‌లోని ఫ్రేములను పంచకండి.

వినిపించే అభ్యంతరాలు

“ఇంత తతంగం ఎందుకు, అందరూ ఒకే రకం కంప్యూటరు, ఒకే సాఫ్ట్‌వేర్ కొనుక్కుంటే పోదా” అనేది మొదటి అభ్యంతరం. డబ్బున్న సంస్థలు కొంతవరకు అలా చేశాయి. ‘లైఫ్ ఆఫ్ పై’ దృశ్యాలకు పనిచేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ లాస్ ఏంజెలెస్, హైదరాబాద్, ముంబై శాఖల్లో తన సొంత సాఫ్ట్‌వేర్‌తో పని నడిపింది. ఆ స్థాయి ఏర్పాటు కుర్రాళ్ల బృందానికి సాధ్యం కాదు. సాధ్యమైనా, ఒకే సాఫ్ట్‌వేర్‌కు కట్టుబడటంలో ఇంకో ముప్పు ఉంది. ‘జురాసిక్ పార్క్’ డైనోసార్ల కదలికకు వాడిన సాఫ్టిమేజ్ ఆ రంగంలో ఒకప్పుడు పెద్ద పేరు. 2014లో దాని యజమాని ఆటోడెస్క్ కంపెనీ దాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది, 2015 వెర్షనే చివరిది. దానికి భిన్నమైన కథ బ్లెండర్‌ది. దాన్ని నడిపిన కంపెనీ 2002లో మూతపడితే, దాని సృష్టికర్త టాన్ రోజెండాల్ ప్రజల నుంచి 1,00,000 యూరోలు సేకరించి ఆ సాఫ్ట్‌వేర్ కోడ్‌ను అందరిపరం చేశాడు. కంపెనీ పోయినా పనిముట్టు మిగిలింది. మీ పని ఎవరైనా తెరవగలిగే రూపంలో ఉంటే మీ కష్టం ఒక కంపెనీ నిర్ణయం మీద ఆధారపడదు.

రెండో అభ్యంతరం బలమైనది. “ఇలాంటి ఫార్మాట్లలో అన్నీ వెళ్లవు, రిగ్ ఎక్కడికీ వెళ్లదు” అంటారు. నిజమే. అలెంబిక్ ఆకారాన్ని, కదలికను మోసుకెళ్తుంది గానీ ఆ కదలికకు కారణమైన ఎముకల అమరికను, అంటే రిగ్‌ను, మోయదు. అవతలివారు చేయి కొంచెం పైకెత్తాలనుకుంటే వారికి వీలుకాదు. దీనికి జవాబు పని విభజనలో ఉంది. రిగ్ చేసేవారు, ఆ రిగ్‌ను కదిలించేవారు ఒకే సాఫ్ట్‌వేర్ వాడాలి, ఇక్కడ రాజీ కుదరదు. కదలిక ఖాయమయ్యాకే దాన్ని అలెంబిక్‌గా మార్చి వెలుగునీడల వారికి పంపాలి. సవరణ కావాలంటే వారు తమ దగ్గర దిద్దుకోకూడదు, యానిమేటర్‌కు తిరిగి చెప్పాలి. ఏది దాటదో ముందే తెలిస్తే గీత ఎక్కడ గీయాలో తెలుస్తుంది. ఫార్మాట్ పరిమితి ఒప్పందాన్ని వ్యర్థం చేయదు. ఒప్పందం ఎక్కడ అత్యవసరమో చూపిస్తుంది.

“అన్నీ క్లౌడ్‌లో పెట్టుకుంటున్నాం కదా” అనేది మూడోది. క్లౌడ్ ఫైలును మోసుకొస్తుంది, అందులో ఏముండాలో చెప్పదు. ఇద్దరు ఒకే సీను ఫైలును ఒకే రాత్రి తెరిచి మార్చితే రెండు కాపీలు తయారవుతాయి. వ్యాసంలోని వాక్యాలను కలిపినట్టు ఆ రెండు ఫైళ్లను కలపలేం, ఎవరో ఒకరి శ్రమ పోవాల్సిందే. అందుకే ఒక ఫైలు మీద ఒక సమయంలో ఒకరే పనిచేయాలి, ఎవరు చేస్తున్నారో అందరికీ కనిపించే పట్టికలో రాసి ఉండాలి. పాత్రలు, నేపథ్యాలు, షాట్లు వేర్వేరు ఫైళ్లలో ఉంచి ఒకదాన్నొకటి లింకు చేసుకుంటే ఎదురుచూపులు తగ్గుతాయి. చివరగా, నియమాలు సృజనను చంపుతాయనే మాట ఉంది. పైన చెప్పిన నియమాల్లో ఒక్కటీ పాత్ర ఎలా నవ్వాలో చెప్పలేదు. ఫైలు ఎక్కడ పోయిందో వెతికే రాత్రుల్లో ఎవరూ కొత్త ఆలోచన చేయలేరు. ఆ రాత్రుల్ని మిగిల్చి కళకు ఇవ్వడమే నియమం చేసే పని.

మొదలుపెట్టే ముందు

ఒప్పందం ఒక్క పేజీ దాటనక్కర్లేదు. ఫైలు పేర్ల పద్ధతి, ఫోల్డర్ల అమరిక, సాఫ్ట్‌వేర్ వెర్షన్, యూనిట్, పైదిక్కు, ఫ్రేమ్ రేటు, బొమ్మ కొలత, రంగుల పద్ధతి, ఫాంట్లు, అప్పగించే ఫార్మాట్లు, ఏ పని ఎవరిది, మార్పులకు అనుమతి ఎవరిది. రాసి ఊరుకోకండి, పరీక్షించండి. అయిదు సెకన్ల చిన్న షాట్ తీసుకుని స్టోరీబోర్డ్ నుంచి చివరి ఎడిటింగ్ దాకా ప్రతి ఒక్కరి కంప్యూటరు గుండా నడిపించండి. అది అందంగా ఉండనక్కర్లేదు, ఎక్కడా ఆగకుండా చివరిదాకా వెళ్లాలి. ఆగిన ప్రతిచోటా పేజీలో ఒక వాక్యం చేర్చండి. ఆ షాట్ దారి పొడవునా సాఫీగా సాగాకే రెండో షాట్ ముట్టుకోండి.

ఇదంతా సాంకేతిక విషయంలా కనిపించినా దీని మూలం మనిషి స్వభావంలో ఉంది. “నా దగ్గర తెరుచుకుంటోంది” అనడం బాధ్యతను మధ్యలో వదిలేయడం. మీ పని మీ తెర మీద పూర్తి కాదు, మీ తర్వాతి మనిషి దాన్ని అందుకుని పని మొదలుపెట్టగలిగినప్పుడే పూర్తవుతుంది. ఈ ఒక్క అలవాటు ఉన్నవారిని ఏ బృందమూ వదులుకోదు. ఈ పూటే మీ ప్రాజెక్టు ఫోల్డరు ఒక స్నేహితుడికి పంపండి, అతని కంప్యూటరులో తెరిచి చూడమని అడగండి. అతనికి ఏది తెరుచుకోలేదో, మీ ఒప్పందంలో మొదటి వాక్యం దాని గురించే రాయండి.